తొలి ఊత

కృపమ్మకు ఈత రాదు. నలభై ఏళ్లుగా చెరువును నమ్ముకుని బతుకుతున్న మనిషికి ఈత రాదంటే ఎర్రకుంటపాలెం వచ్చిన కొత్త కోడళ్లు నమ్మేవాళ్లు కాదు. ఆమెకు ఈతతో పని పడలేదు మరి. మెడలోతు దాకా నడుస్తుంది, అక్కడ ఆగిపోతుంది. అంతకు మించిన లోతు మగవాళ్లదీ దేవుడిదీ అనుకుంటుంది. చేతిలో వెదురు ఊత ఉంటుంది. అది అడుగు లేని బుట్ట. కింద వెడల్పు, పైన చెయ్యి పట్టేంత మూతి. చేప కదలిక కాలికి తగలగానే ఊతను టక్కున బురదలోకి దించి, పై మూతిలోంచి చెయ్యి దూర్చి తడమాలి. దొరికితే కూర, దొరక్కపోతే జలుబు. కృపమ్మకు ఎక్కువసార్లు కూరే దొరికేది.

ఎర్రకుంటపాలెం నకరికల్లు నుంచి ఆటోలో అరగంట. ఊరి బోర్లలో నీళ్లు చౌడు. ఆ నీళ్లు పోసి కందిపప్పు పొయ్యి మీద పెడితే పొద్దు గడుస్తుంది గానీ పప్పు మెత్తబడదు. సాగర్ కాలవ నుంచి చెరువుకొచ్చిన నీళ్లతో అయితే రెండు పొంగులకే ఉడికిపోయేది. అందుకే ఆ ఊరికి పిల్లనిచ్చే వాళ్లు పొలం ఎంతని అడిగేముందు ఇంటికి చెరువు ఎంత దూరమని అడిగేవాళ్లు. బిందె ముంచితే అడుగున పడ్డ సూది కూడా కనబడేంత తేటగా ఉండేవి ఆ నీళ్లు. ఇదంతా మొన్న మొన్నటి మాటే, తాతల కాలం నాటిది కాదు.

ఆ తేట ఎక్కణ్నుంచి వచ్చిందని ఊళ్లో ఎవరూ ఆలోచించలేదు. ఉన్నదాని గురించి ఆలోచించే అలవాటు మనకు లేదు కదా, పోయాక సభలు పెడతాం. తేట నాచు వల్ల వచ్చింది. నాచంటే మెట్ల మీద జారే పచ్చటి పాచి అనుకునేరు. చెరువు అడుగున వేరూని, నిలువెత్తున లేచి, నీటి పైదాకా వచ్చి ఊగే మొక్క అది. సగం చెరువు నిండా ఉండేది. బురదను కదలనివ్వకుండా పట్టి ఉంచేది, నీళ్లలో ఉన్న మడ్డిని తాను తాగేది. పరిగెలు, బుడ్డ రొయ్యలు, కొరమీనులు అన్నీ ఆ మొక్కల నీడనే గుడ్లు పెట్టేవి. "నాచు చెరువుకి గుడ్డే. గుడ్డ లాగేస్తే ఇంకేం మానం మిగిలిద్ది?" అనేది కృపమ్మ అత్త ప్రేమమ్మ. బతికున్నన్నాళ్లూ నాచు మీద కొడవలి పడనివ్వలేదు ఆ ముసలమ్మ.

చెరువు మీద ప్రేమమ్మ ఇంటివాళ్లకు ఒక హక్కు ఉండేది. కాగితాల్లో లేదు గానీ ఊరంతా ఒప్పుకున్నదే. మృగశిర కార్తె రోజున అందరూ చేపలు తినాలి కదా. ఆ పొద్దున్నే ఆ ఇంటివాళ్లు ముందుగా చెరువులో దిగి మూడుసార్లు ఊత వెయ్యాలి. దాన్నే తొలి ఊత అంటారు. పడిన మొదటి చేపను వేలంలో చెరువు పాడుకున్న ఆసామి కండువా పట్టి రెండు చేతులా అందుకోవాలి. ఆ తర్వాతే వలలు దిగాలి. ఒకవేళ ఊత వేసిన చోట కొరమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి కనబడితే, వాటి కింద తల్లి కాపలా ఉన్నట్టే. అప్పుడు ఊత వేసిన మనిషి గట్టు మీదకొచ్చి "చెరువు మూశాం" అని చెప్పాలి. పిల్లలు నల్లబడేదాకా చెరువులో వల పడకూడదు, నాచు కొయ్యకూడదు. ఎంతటి ఆసామి అయినా ఆ మాటకు కట్టుబడేవాడు. ప్రేమమ్మ పోయాక ఆ మాట కృపమ్మ నోటికి వచ్చింది.

కృపమ్మ మొగుడు బెంజిమిన్ మాత్రం ఊళ్లోకల్లా ఈతగాడు. రెండు వేల పన్నెండు సెప్టెంబరులో చెరువు కింద పొలాలకు తూములోంచి నీళ్లు సరిగా పారడం లేదని రైతులు గోల చేశారు. ఏదో అడ్డం పడి ఉంటుంది, తీసిపెట్టమని బెంజిమిన్‌ను పిలిచారు. నడుముకు చిన్న కొడవలి దోపుకుని దిగాడు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టి, పైన రాగితీగ బిగించుకున్న కొడవలి అది. నీళ్లలో జారకుండా తనే చేసుకున్నాడు. దిగినవాడు మళ్లీ పైకి రాలేదు. ఊళ్లో మోటార్లు బాగుచేసే మౌలాలీ దూకి, మూడు మునకల తర్వాత శవాన్ని బయటికి తెచ్చాడు. కాళ్లకు, మెడకు పచ్చటి నాచు చుట్టుకుని ఉంది.

"నాచు పట్టేసింది చెల్లెమ్మా," అన్నాడు మౌలాలీ, ఆమె ముఖం చూడకుండా.

కొడవలి దొరకలేదు. దాన్ని చెరువు ఉంచుకుంది అన్నారు. కృపమ్మ అప్పుడు నలభై ఆరేళ్ల మనిషి. పిల్లలు లేరు. మర్నాటి నుంచి కూడా ఆ చెరువే ఆమెకు కూడు పెట్టాలి, ఆ నాచులోనే ఆమె కాళ్లు పెట్టాలి. మెత్తగా పిక్కలకు చుట్టుకునే ఆ మొక్క తగిలిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఊత వెయ్యబోయే ముందు గుప్పెడు నాచు పెరికి గట్టు మీదకు విసిరేది. అది ఎండలో వాడి, నల్లబడి, పొడి అయ్యేదాకా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసేది. "చావు," అనేది దానితో. పదేళ్లు రోజూ చేసింది ఈ పని. గుప్పెడుకు గుప్పెడు మళ్లీ మొలిచేది నాచు, దానికి పగ తెలియదు కాబట్టి.

ఎండాకాలం ముందు చేపలు తగ్గినప్పుడు కృపమ్మ మిరపకోతకు పోయేది. ఎక్కువగా త్రికోటేశ్వరరావు చేలోకి. ఆయన పదెకరాల మిరప రైతు, పంచాయితీలో ఆయన దగ్గితే పదిమంది దగ్గుతారు. చెరువులో చేపల పాట కూడా ఎక్కువసార్లు ఆయనదే. ఆయన కూతురు భవ్య బాపట్లలో వ్యవసాయం చదువుతోంది. నిరుడు ముందేడు మాఘమాసంలో సెలవులకు వచ్చి, కోతల దగ్గర గొడుగు వేసుకుని కూర్చుంది. చేను గట్టున ఖాళీ మందు సీసాలు పడి ఉన్నాయి. ఒక సీసా మీద బొమ్మ ఉంది. నీలపు నీళ్లలో తాటిచెట్లంత పొడుగు మొక్కలు, వాటి మధ్య చేపలు.

"ఇదేం మందు పాపగారూ? చెరువు బొమ్మేశారు?" అని అడిగింది కృపమ్మ.

"చెరువు కాదు కృపమ్మా, సముద్రం. ఇది సముద్రపు నాచు టానిక్. మిరపకి పూత నిలుస్తుందని నాన్న కొడతాడు."

"నాచుని పిండి సీసాలో పోసి అమ్ముతన్నారా?" కృపమ్మకు నవ్వొచ్చింది. "ఎవురు కొంటారు దాన్ని?"

"మా నాన్నే కొంటున్నాడుగా," అని భవ్య కూడా నవ్వి ఫోన్ తీసింది. వీడియో పెట్టింది. చల్లటి సముద్రాల్లో అలాంటి అడవులు ఉంటాయనీ, కెల్ప్ అంటారనీ, వాటి నీడలో లక్షల చేపలు పెరుగుతాయనీ చెప్పింది. తర్వాత ఇంకో వీడియో పెట్టింది. అదే చోట అడవి లేదు. బోసి రాళ్లు, ఆ రాళ్ల మీద పల్లేరుకాయల్లాంటి ముళ్ల జీవులు ఒకదాన్నొకటి ఆనుకుని వేలకు వేలు.

"ఇయ్యేంది?"

"ఇవి ఆ నాచును మేస్తాయి. వీటిని తినే జంతువులు ఉన్నన్నాళ్లూ అదుపులో ఉండేవి. మనుషులు బొచ్చు కోసం ఆ జంతువుల్ని వేటాడి చంపేశారు. దానికి తోడు సముద్రం వేడెక్కుతోంది, నాచు నీరసపడుతోంది. ఇక ఇవి మొదలంటా కొరికేస్తాయి. అడవి పోయాక చేపలు పోతాయి. విచిత్రం ఏంటంటే, తినడానికి ఏం లేకపోయినా ఇవి ఏళ్ల తరబడి చావవు. అట్లాగే కూర్చుంటాయి. మళ్లీ మొలక రానివ్వవు."

కృపమ్మ కాసేపు ఆ బోసి రాళ్ల వంక చూసింది. అడవి పోయిందని ఆమెకు బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు కడుపు చల్లబడ్డట్టయింది. "పోనియ్. అది యాడున్నా మనిషిని మింగేదేగా," అంది. భవ్యకు ఆ మాట అర్థం కాలేదు, కృపమ్మ చెప్పనూ లేదు. మళ్లీ మిరపకాయలు కోసుకుంది.

ఆ ఏడు ఎండాకాలం చివర త్రికోటేశ్వరరావు పంచాయితీ ఆఫీసు వరండాలో పదిమందిని కూర్చోబెట్టాడు. చేపల పాట మళ్లీ ఆయనకే వచ్చింది. వల లాగుతుంటే నాచు చుట్టుకుని చినిగిపోతోందట, సగం చేప నాచులోనే ఉండిపోతోందట. గడ్డి చేపల పిల్లల్ని తెచ్చి వదిలితే ఆరు నెలల్లో నాచంతా మేసి చెరువును శుభ్రం చేస్తాయన్నాడు. చెరువు శుభ్రం అన్న మాట వినగానే వరండాలో సగం తలకాయలు ఊగాయి. శుభ్రం అంటే చాలు మనకి, ఏది మురికో అడగం.

శివరామయ్య ఒక్కడు అడ్డం పడ్డాడు. పాతకాలపు బళ్లో పంతులు, ఎనభై దాటిన మనిషి. "ఒరేయ్, ఆ నాచు ఉండబట్టే నీళ్లు తేటగా ఉన్నయ్యిరా. కొద్దిగా వదిలితే వేరు, నువ్వు వేలకి వేలు పోస్తానంటన్నావ్. అయినా నన్నడిగితే ఏమొచ్చింది? చెరువు మాట ఊతోళ్లది. కృపమ్మ వద్దంటే వద్దు, అంతే," అన్నాడు.

అందరూ వరండా మెట్ల కింద నిలబడ్డ కృపమ్మ వైపు తిరిగారు. ఆమెకు పక్కనే స్తంభానికి ఆనుకుని మౌలాలీ ఉన్నాడు.

"ఏమే కృపమ్మా, ఏమంటావు? నీ మొగుణ్ణి పొట్టనబెట్టుకున్న నాచే గదా అది," అన్నాడు త్రికోటేశ్వరరావు. గొంతులో జాలి కూడా పెట్టాడు.

కృపమ్మకు అత్త మాట గుర్తు రాకపోలేదు. గుడ్డ లాగేస్తే ఏం మానం మిగిలిద్ది అన్న మాట చెవిలో వినబడింది కూడా. దాని పక్కనే బెంజిమిన్ మెడకు చుట్టుకున్న పచ్చటి పోగులు కనబడ్డాయి. ఎవరూ ఆమెకు కాణీ ఇవ్వలేదు, ఇస్తామనలేదు. ఊరికే చెప్పింది.

"మేపండి అయ్యా. ఒక్క పోగు లేకుండా మేపండి."

శివరామయ్య చేతికర్ర తీసుకుని లేచి వెళ్లిపోయాడు. మౌలాలీ నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. తుమ్ము ఆపుకుంటున్నాడేమో అనుకుంది కృపమ్మ.

గడ్డి చేపల పిల్లలు ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. మొదటి సంచి విప్పి నీళ్లలో వంచింది కృపమ్మే. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సాగర్ కాలవకు కూడా నీళ్లు వదల్లేదు. ఉన్న కాస్త చెరువులో అన్ని చేపలూ పగలూ రాత్రీ నాచును కొరికాయి. దసరాకు పైన ఊగే కొసలు పోయాయి. క్రిస్మస్‌కు మొదళ్లు మిగిలాయి. శివరాత్రికి అవీ లేవు. కృపమ్మ చెరువులో దిగితే కాళ్లకు ఏమీ తగిలేది కాదు, ఒట్టి బురద. నున్నగా గుండు కొట్టించినట్టు ఉంది చెరువు అడుగు. మొదటి నాలుగు రోజులూ ఆమెకు హాయిగానే ఉంది. ఐదో రోజు నుంచి ఊత ఖాళీగా లేస్తోంది.

పరిగెలు ముందు పోయాయి. తర్వాత బుడ్డ రొయ్యలు. కొరమీను గట్టిది, ఒడ్డున మడుగులో పడేసినా బతుకుతుంది. కానీ దాని పిల్లలకు దాక్కునే చోటు లేదు, ఉన్న నాలుగింటినీ కొంగలు ఏరుకుని తిన్నాయి. మార్చికి నీళ్లు మొదట బురద రంగుకు తిరిగి, తర్వాత చిక్కటి ఆకుపచ్చగా అయ్యాయి. బిందె ముంచితే వాసన. ఊరు మళ్లీ బోరు నీళ్ల కిందికి వచ్చింది. పప్పు ఉడకడం మానేసింది. ఆ నెలలోనే త్రికోటేశ్వరరావు బజార్లో మంచినీళ్ల ప్లాంటు పెట్టాడు. చెరువు పాడు చేసిన చెయ్యే క్యాన్లు అమ్ముతోందని ఎవరైనా అన్నారా? క్యాను వెనక క్యాను పెట్టి వరసలో నిలబడ్డారు. గడ్డి చేపలు బలిసినవి బలిసినట్టు చిలకలూరిపేట లారీ ఎక్కాయి.

కృపమ్మ క్యాను నీళ్లు తాగడానికి మాత్రం కొనేది. వంటకు బోరు నీళ్లే. సాయంత్రం పప్పు ఉడక్క చింతపండు పిసుక్కుని తినేటప్పుడు భవ్య ఫోన్లో చూసిన బోసి రాళ్లు గుర్తొచ్చేవి. ఆ రాళ్ల మీద ఏమీ లేకపోయినా చావకుండా కూర్చున్న ముళ్ల జీవుల్లో తానూ ఒకత్తినేమో అనిపించేది. అయినా మనసుకు సర్దిచెప్పుకునేది. పోతే పోయింది, పగ తీరింది, బెంజిమిన్‌ను తిన్నది బతకలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ ఎండాకాలం నడిపింది.

మే నెలలో చెరువు తూము దాకా ఎండింది. అంతకుముందూ కరువులు వచ్చాయి గానీ, నీళ్లు తగ్గితే నాచంతా అక్కడ దుప్పటిలా పడుకుని తూము మొదటిని కప్పేసేది. ఇప్పుడు కప్పడానికి ఏమీ లేదు. ఒక ఉదయం కృపమ్మ బురదలో ఇంకా ఏమైనా జెల్లపిల్లలు మిగిలాయేమోనని తూము దాకా పోయింది. రాతి దిమ్మె చుట్టూ ఏదో బిగించి ఉంది. దగ్గరికి పోయి బురద తుడిచింది. వల. నైలాన్ వల, దళసరిది, ఇనుప తీగతో దిమ్మెకు నాలుగు వైపులా కట్టి ఉంది. తీగ తుప్పు పట్టింది గానీ వల నిన్న నేసినట్టుంది. మధ్యలో ఒకచోట కత్తితో నిలువునా కోసిన కంత. ఆ కంతకు జానెడు కింద, వల కళ్లల్లో ఇరుక్కుని, పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన చిన్న కొడవలి.

ఆమె దాన్ని విడిపించలేదు. చాలాసేపు ఆ రాగితీగ చుట్లు లెక్కపెట్టింది. ఏడు చుట్లు. బెంజిమిన్ ఇంటి ముందు కూర్చుని పళ్లతో బిగించిన రోజు తనే దీపం పట్టుకుంది. కొడవలి ఇక్కడే ఉందంటే మనిషి ఇక్కడే పోయాడు. కాళ్లు ఈ వలలోనే ఇరుక్కున్నాయి. కోసుకుని బయటపడాలని చూశాడు, కోయలేకపోయాడు. మరి ఆ నిలువు కంత ఎవరు కోశారు?

మౌలాలీ కొట్టు త్రికోటేశ్వరరావు స్థలంలోనే ఉంది. కృపమ్మ బురద కాళ్లతో అలాగే వెళ్లి గుమ్మంలో నిలబడింది. మౌలాలీ మోటారుకు రాగితీగ చుడుతున్నాడు. ఆమె కాళ్లు చూశాడు, ముఖం చూశాడు, చేతిలో తీగ వదిలేశాడు.

"తూము కాడ వల ఎవురు కట్టారు అన్నా?"

"కూకో చెల్లెమ్మా."

"కూకోను. చెప్పు."

"నేనే కట్టా," అన్నాడు మౌలాలీ. "ఆ ఏడు చేపల పాట త్రికోటేశ్వరరావుది. చేపపిల్లలు తూములోంచి కాలవలోకి పోతన్నాయని ఆయన కట్టమన్నాడు. తూముకి వల కట్టటం తప్పని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చీకటితో కట్టా. నీళ్లు పారటంలా అని రైతులు గోల చేస్తే నన్ను పిలవాల్సింది, బెంజిమిన్‌ని పిలిచారు. నేను నరసరావుపేటలో ఉన్నా. వచ్చేతలికే దిగాడు. ఆయన గట్టు మీదే ఉన్నాడు, వల సంగతి చెప్తే రైతులు తంతారని నోరు మెదపలా. నేను దూకేసరికి రెండు కాళ్లూ వలలో ఉన్నయి. నిలువునా కోసి పైకి తెచ్చా. తెచ్చేటప్పుడు చుట్టూ ఉన్న నాచు ఒంటికి పట్టింది. గట్టెక్కేటప్పుడు ఆయన నా చెవిలో చెప్పాడు, నాచు అను, లేదంటే ఇద్దరం లోపలికి పోతాం అని. అన్నా."

మౌలాలీ కళ్లు తుడుచుకున్నాడు. "పన్నెండేళ్లు కావస్తంది. ప్రతి నమాజులో చెప్పుకున్నా. నీకే చెప్పలేకపోయా."

"అల్లాకి తెలిస్తే నాకేం ఒరిగింది అన్నా?" అంది కృపమ్మ. "పోయినేడు వరండాలో నా పక్కనే నిలబడ్డావు. నాచుని మేపమని నేను చెప్తుంటే ఇన్నావు. అప్పుడన్నా చెప్పకపోయావా?"

"భయమేసింది."

"నాచుకి నోరు లేదు. నీకుంది గందా."

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఇన్నేళ్లూ తాను చేసింది అదే. మొగుణ్ణి చంపినవాడి చేలో మిరపకాయలు కోసింది, ఏ పాపం తెలియని మొక్కను గుప్పెడు గుప్పెడు పెరికి ఎండలో పారేసింది. ఆ వల మీద పెరిగి, దాన్ని కప్పి, ఆ దొంగను దాచిపెట్టింది కూడా పాపం ఆ నాచే. త్రికోటేశ్వరరావు తన తప్పు మీద కప్పిన గుడ్డను తనే చేపల చేత మేపించుకున్నాడు. నైలాన్ కుళ్లదన్న సంగతి మరిచిపోయాడు. కృపమ్మ తిరిగి గట్టు మీదకు వెళ్లి, తాను రోజూ నాచు విసిరే చోట కూర్చుంది. అక్కడ ఒక్క పోగు కూడా మిగల్లేదు, నల్లటి దుమ్ము ఉంది. ఆ దుమ్మును అరచేత్తో దగ్గరికి చేర్చింది. బెంజిమిన్ పోయిన రోజు ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చింది. అప్పుడు ఆమె తప్పు లేదు. ఇప్పుడుంది.

మౌలాలీ వెనకే వచ్చి నిలబడ్డాడు. "కేసు పెట్టు చెల్లెమ్మా. స్టేషన్లో నేను చెప్తా."

"మా ఆయన కోసం నువ్వు చెప్తావు. చెరువు కోసం ఎవురు చెప్తారు? దాన్ని చంపించింది నేను. నా నోటితో చెప్పా," అంది.

కార్తె ముందు రెండు వానలు పడ్డాయి. తూము దగ్గర నడుములోతు నీళ్లు నిలిచాయి. మృగశిర పొద్దున్న త్రికోటేశ్వరరావు తెల్లబట్టలు కట్టుకుని, కొత్త కండువా వేసుకుని, పదిమందితో చెరువుగట్టుకు వచ్చాడు. తండ్రి ఫొటోలు తియ్యమంటే భవ్య ఫోన్ పట్టుకుని వచ్చింది. చేపలు లేవని అందరికీ తెలుసు, అయినా ఆనవాయితీ ఆనవాయితీ. ఆయన నిన్ననే నాలుగు బొచ్చెచేపలు తెప్పించి గట్టు కింద బకెట్లో పెట్టించాడు. ఫొటోకు ఏదో ఒకటి కావాలి కదా.

కృపమ్మ ఊత తీసుకుని దిగింది. మొదటి ఊత వేసింది, చెయ్యి పెట్టి తడిమింది, బురద. రెండోది వేసింది, బురద. "ఆ బకెట్లోది ఒకటి అందియ్యండ్రా," అన్నాడు త్రికోటేశ్వరరావు. కృపమ్మ అది విననట్టు తూము దగ్గరికి నడిచింది. మూడో ఊత దిమ్మె పక్కన దించి, చెయ్యి లోపలికి పెట్టి, తుప్పు పట్టిన తీగ తెగేదాకా లాగింది. బరువైనదేదో వచ్చింది. దాన్ని చీర కొంగులో చుట్టుకుని గట్టెక్కింది.

ఆనవాయితీ ప్రకారం త్రికోటేశ్వరరావు కండువా రెండు చేతులా పట్టాడు. ముఖం కూతురి ఫోన్ వైపు తిప్పి నవ్వాడు. కృపమ్మ కొంగు విప్పి కండువాలో దించింది. చల్లటి, నున్నటి నైలాన్ వల, అందులో ఇరుక్కున్న కొడవలి.

"ఏందే ఇది?"

"తొలి ఊత అయ్యా. మీ చెరువులో మిగిలింది ఇదే."

ఆయన చూశాడు. నవ్వు ముఖం మీద నుంచి పోవడానికి కాస్త సమయం పట్టింది. వలను కింద పడెయ్యబోతే ఒక ముడి ఆయన ఉంగరం రాయికి పట్టుకుంది. విదిలించాడు, ఇంకా బిగిసింది. అలవాటు కొద్దీ మౌలాలీ విడిపించడానికి ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

కృపమ్మ గట్టు మీద అందరికీ వినబడేలా చెప్పింది. "మా ఆయన్ని చంపింది నాచు కాదు. ఈ వల. కట్టించింది ఈయన, కట్టింది మౌలాలన్న. నాచుని చంపింది మాత్రం నేను. అదీ చెప్పాలిగా, చెప్తన్నా."

భవ్య ఫోన్ దించేసింది. వెనక నుంచి ఎవరో, "పండగ పూట ఈ గొడవ ఇప్పుడెందుకే," అన్నారు. ఇంకెవరో నవ్వబోయి మానుకున్నారు. ఊరు అంతకంటే ఏమీ అనలేదు. అందరి ఇళ్లలో ఆయన ప్లాంటు నీళ్లే ఉన్నాయి మరి. శివరామయ్య ఒక్కడు చేతికర్ర మీద వంగి, పాత ఆనవాయితీ మాట అడిగాడు.

"చెరువు మూశావా కృపమ్మా?"

"మూయటానికి ఏముందయ్యా?" అంది.

ఇంటికి వచ్చేటప్పుడు బోరు దగ్గర బిందె నింపుకుంది. పొయ్యి వెలిగించి కందిపప్పు ఎక్కించింది. మృగశిర రోజు ఆ ఇంట్లో చేప లేకపోవడం, ఆమె కాపురానికి వచ్చాక ఇదే మొదటిసారి. స్టేషన్‌కు రేపు పొద్దున్న పోదామని మౌలాలీ గుమ్మం బయట నుంచే చెప్పి వెళ్లాడు. పోదాం అంది. మధ్యాహ్నం మూడైంది. మూత తీసి, గరిటెతో ఒక బద్ద తీసి, వేళ్ల మధ్య నొక్కి చూసింది. మెత్తబడలేదు. ఇంకో రెండు పుల్లలు ఎగదోసి, పొయ్యి ముందే కూర్చుంది.